కాదనడం రాని మనిషి

2023 ఎండాకాలం. మాది జనగామ, నేను వకీలుగా పనిచేసేది మహబూబాబాద్‌లో. వకీలును పెట్టుకునే తాహతు లేని ముద్దాయికి సర్కారు ఖర్చుతో ఒకరిని ఇస్తారు, దాన్నే లీగల్ ఎయిడ్ అంటాం. సాయిలు కేసు అలా నా నెత్తిన పడింది. నెత్తిన పడిందనే అంటాను. జంట హత్యలు, పైగా ఉరిశిక్ష అడుగుతానని ప్రభుత్వ వకీలు ముందే చెప్పేశారు. బార్ రూమ్‌లో ఆ ఫైలు ముట్టుకున్న నాథుడే లేడు.

సాయిలు నెల్లికుదురు వైపు ఓ ఊళ్లో జీతగాడు, చిన్నప్పటి నుంచీ ఒకే ఆసామి దగ్గర పని. మిరప కల్లం దగ్గర కాపలా పడుకున్న ఆ ముసలి ఆసామినీ ఆయన భార్యనూ ఎవరో గొడ్డలితో నరికి, ముసలమ్మ కాళ్ల కడియాలు పట్టుకుపోయారు. పొద్దున చూసి ఊళ్లోకి ఉరికొచ్చి చెప్పింది సాయిలే. ఊరి పెద్దమనిషి "నువ్వే చేసినవారా?" అని గద్దిస్తే "అవును" అన్నాడట. ఇలా పోలీసులకు కాకుండా బయటివాళ్ల ముందు నేరం ఒప్పుకోవడాన్ని ఎక్స్‌ట్రా జ్యుడీషియల్ కన్ఫెషన్ అంటారు. నమ్మదగిందని తోస్తే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. గొడ్డలి కూడా అతనే చూపించాడని పోలీసుల మాట. కడియాలు మాత్రం దొరకలేదు.

జైలుకు వెళ్లి మొదటిసారి కలిసినప్పుడు సూటిగా అడిగాను.

"వాళ్లను నువ్వే నరికినవా?"

"అవునమ్మా."

"నిజం చెప్పు. నరకలేదు కదా?"

"అవునమ్మా, నరకలే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒక్క మాట మీద నిలబడవయ్యా, ఉరి పడతది!" అని కసిరాను. చేతులు కట్టుకుని "మీరెట్లంటే గట్లనే అమ్మా" అన్నాడు.

బయట అతని భార్య లచ్చవ్వ నా వెంటపడింది.

"గాయినను తిట్టకమ్మా. పెద్దోళ్ల ముంగట కాదంటే కండ్లు నెత్తికెక్కినయంటరని మా అత్త గట్లనే పెంచింది. ఓపారి ఆసామి నవ్వులాటకు 'గీ దూడ నీదేనారా' అంటే అవునన్నడు. దూడ ఆసామిదే! ఇంట్ల నాతోని మాత్రం దినాం లొల్లే. నేనేదన్నా కాదనే అంటడు." అంతవరకు చెప్పి ముక్కు చీదుకుంది. "గాయినకు ఉరేస్తరా అమ్మా?"

వెయ్యరని చెప్పే ధైర్యం నాకు లేదు.

విచారణ మొదలైంది. క్రాస్‌లో, అంటే అవతలి సాక్షిని మేం ప్రశ్నించే వంతులో, పెద్దమనిషిని ఒకటే అడిగాను. "సాయిలు మీకెన్నడైనా కాదని చెప్పిండా?"

ఆయన మీసం దువ్వుకున్నారు. "వాడా? నా మాటకు ఎదురు చెప్పేంత మొగోడా మేడం? వాడు ఊళ్లె ఎవ్వలకు ఎదురు చెప్పలే." ఇంకేం అడగకుండా కూర్చున్నాను.

సాక్షులందరూ అయ్యాక జడ్జిగారే ముద్దాయిని నేరుగా ప్రశ్నిస్తారు. సెక్షన్ నంబరును బట్టి మా వాడుకలో దాన్ని త్రీ థర్టీన్ అంటాం. ముద్దాయి తన గోడు చెప్పుకోవడానికి చట్టం ఇచ్చిన అవకాశం అది. సాయిలు మాత్రం అడిగిన ప్రతిదానికీ "అవును సార్" అంటూ పోయాడు. గొడ్డలి నువ్వే చూపించావా? అవును సార్. తన ఉరితాడు తనే పేనుకుంటున్నాడు.

లేచి జడ్జిగారి దగ్గరికి వెళ్లి, మరొక్క ప్రశ్న అడగమని మెల్లగా మనవి చేశాను. ఆయన నుదురు ముడిచారు. అయినా అడిగారు.

"నిన్న వానకు ఈ హాల్లో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. నువ్వు చూశావు కదా?"

బయట రోళ్లు పగిలే ఎండ. నిన్నంతా సాయిలు జైల్లోనే ఉన్నాడు.

"చూసిన సార్."

"ఎంత లోతు?"

"మీరన్నంతనే సార్, మోకాళ్ల దాంక."

హాల్లో ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు కళ్లజోడు తీసి కింద పెట్టారు. "సాయిలూ, కాదన్నా నేను కోప్పడను. వాళ్లను నువ్వు చంపావా?" అన్నారు మెత్తగా.

ఆయన మొహం మీద కాదనడం సాయిలు వల్ల కాలేదు. వెనక్కి తిరిగి, గోడ పక్కన నిలబడ్డ లచ్చవ్వతో, "నేను సంపలేదే" అన్నాడు. ఆపుకుందామన్నా నాకు ఏడుపు ఆగలేదు.

అతని "అవును"ను పక్కన పెట్టి చూస్తే కేసులో మిగిలింది శూన్యం. గొడ్డలి మీది రక్తం ఎవరిదో కూడా తేలలేదు. సాయిలును విడుదల చేశారు. కొన్ని నెలలకు భూపాలపల్లి వైపు ఘనపూర్‌లో వేరే దొంగతనం కేసులో పట్టుబడిన ఇద్దరి దగ్గర ఆ కడియాలు దొరికాయి. ముసలమ్మ కూతురు వాటిని గుర్తుపట్టింది.

ఆ కబురు తెలిసిన వారం సాయిలు, లచ్చవ్వ మా ఆఫీసుకు వచ్చారు. చాయ్ తాగుతుంటే ఉండబట్టలేక అడిగాను.

"జడ్జిగారు ఉరిశిక్ష అని చెప్పి ఉంటే ఏమనేటోనివయ్యా?"

సాయిలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గంత పెద్ద సారు ఇచారం చెయ్యకుంట ఎయ్యడు కదమ్మా. సరే సార్ అంటుంటి."

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉరిశిక్ష ఉండాలా, వద్దా అని ఎవరైనా అడిగితే అప్పటిదాకా నేను ఏదీ తేల్చి చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు వద్దనే చెబుతున్నాను.