ప్రభాకర్ గారి కేసు

మొన్న ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో సిగ్నల్ దగ్గర ఆగితే, పక్క ట్రక్కు నుంచి కాలిన బ్రేకుల వాసన గుప్పుమంది. ప్రభాకర్ గారు గుర్తొచ్చారు. కారు విడిభాగాల కంపెనీలో, బ్రేకులు పరీక్షించే ల్యాబ్‌లో ఆయన నా మొదటి బాస్. నేను చేరిన కొత్తలో ఒక బ్రేక్ టెస్టులో ఫెయిలైంది. రిపోర్టు కాస్త సర్దమని డైరెక్టర్ అడిగితే, భయపడి ప్రభాకర్ గారి దగ్గరికి వెళ్ళాను. "నువ్వు చూసింది చూసినట్టు రాయమ్మా. ఆయనతో నేను మాట్లాడతా," అన్నారు ప్రభాకర్ గారు. మాట్లాడారు కూడా. ఉద్యోగం చేయడమంటే భయపడుతూ బతకడం కాదని నాకు తెలిసింది అప్పుడే.

ఆ వేసవిలో కంపెనీ పిక్నిక్‌కి ఆయన ఒక అమెరికన్‌ని వెంటబెట్టుకొచ్చారు. "మీట్ డేనియల్, మై హస్బెండ్," అని అందరికీ పరిచయం చేశారు. డైరెక్టర్ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత ప్రభాకర్ గారిని మీటింగులకు పిలవడం మానేశారు. "అతన్ని కస్టమర్ల ముందు ఎలా కూర్చోబెడతాం?" అని డైరెక్టర్ ఎవరితోనో అంటుండగా నేను విన్నాను. చలికాలం రాకముందే, రీఆర్గనైజేషన్ అని పేరు పెట్టి ఆయన్ని తీసేశారు. ల్యాబ్ మొత్తంలో పోయింది ఆయన ఉద్యోగం ఒక్కటే.

నేను విన్నది ఆయనకు చెప్పాను. "ఇలా తీసేయకూడదని లా ఉందమ్మా. కేసు వేస్తా," అన్నారు. నేను సాక్ష్యం చెబుతానంటే మాత్రం ఒప్పుకోలేదు. "నీ వీసా వాళ్ళ చేతిలో ఉంది. ముందు వేరే జాబ్ చూసుకో."

జాబ్ మారాక లాయర్ల ముందు కూర్చుని చెప్పాను. డైరెక్టర్ తనకేమీ గుర్తు లేదన్నాడు. ల్యాబ్‌లో మిగతావాళ్ళెవరూ నోరు విప్పలేదు. ఖర్చులు తగ్గించుకోవడానికే తీసేశామంది కంపెనీ. నేను విన్న ఒక్క మాట చాలదని జడ్జి కేసు కొట్టేశాడు.

"లా ఉందన్నారు కదండీ," అన్నాను ఫోన్‌లో, ఏడుపు ఆపుకోలేక.

"ఉందమ్మా," అన్నారు. అప్పీలుకు వెళ్ళే ఓపిక ఆయనలో మిగల్లేదు. చాలాకాలం ఖాళీగా ఉండి, చివరికి ఎక్కడో చిన్న కంపెనీలో చేరారు.

పోయిన ఏడాది ఇండియన్ స్టోర్‌లో ప్రభాకర్ గారూ, డేనియల్ ఇద్దరూ కనిపించారు. ఆయన బాగా చిక్కిపోయారు. మాట్లాడుతుండగా ఆయన కొత్త ఆఫీస్ మనిషి ఒకడు వచ్చి పలకరించాడు. ప్రభాకర్ గారు పక్కకైనా చూడకుండా, "దిస్ ఈజ్ డేనియల్, మై రూమ్మేట్," అన్నారు. డేనియల్ షేక్‌హ్యాండ్‌కి చెయ్యి చాచాడు.

ఆ మనిషి వెళ్ళాక, "ఇంకో జాబ్ పోగొట్టుకోలేనమ్మా," అన్నారు నెమ్మదిగా.

నా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు "ఇక్కడ మనకి లా ఉంది కదా," అన్నప్పుడల్లా అవునంటాను. అంటూనే ఉంటాను, డేనియల్ చాచిన ఆ చెయ్యి కళ్ళముందుకు వస్తుంది.