వియ్యపురాలితో తుంగగడ్డల ప్రయాణం

నేను చెబుతుంటే నా కూతురు పద్మ రాస్తోంది. ఆ రోజు పన్ను పీకించుకొస్తానని దానికి చెప్పి బయలుదేరాను. సాయంత్రానికి పన్ను నోట్లోనే ఉంది, సంచి నిండా తుంగగడ్డలున్నాయి. అదెలాగో ఇప్పుడు తెలుస్తుంది దానికి. కలం ఆపకు బిడ్డా, రాయి.

పద్మ మొదటి కాన్పుకు నా దగ్గరికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఊయలలో వేసే తొట్టెల పండుగ దగ్గరపడింది. మొగుడు పోయినదాన్ని, ఆ రోజు తొట్టెలకు పసుపు పెట్టకూడదు, బిడ్డను అందులో వేయకూడదు, అందరి ముందు నలుగు పెట్టకూడదు. వాటికి మా వియ్యపురాలు అనసూయ ఉంది. నాకు మిగిలింది తల్లీబిడ్డలకు నలుగుపిండి దంచడం ఒక్కటే. అదీ తానే తెస్తానని ఆసుపత్రిలోనే అనేసింది. అందుకని, పద్మకు తెలిస్తే అత్తకు చేరుతుందని పంటి సాకు చెప్పి, ఆమెకంటే ముందు మంచి తుంగగడ్డలు తెచ్చి దంచాలనుకున్నాను. కిరాణా కొట్టులో దొరికేవాటికి వాసన ఎప్పుడో చచ్చింది.

తొమ్మిదిన్నరకు నీలం నగర్ దగ్గర అక్కల్‌కోట వైపు పోయే సర్కారు ఎస్టీ బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు సగం టికెట్టే. సంచిలో కలుపు తవ్వే ఖురపీ, రెండు జొన్నరొట్టెలు, పల్లీల కారం. ఖాళీ సీటు ఒక్కటే ఉంది. దాని పక్కన కిటికీ దగ్గర అనసూయ.

"యాడికి వదినె?" అంది.

"పంటి డాక్టర్ తాన్కి."

ఊరు దాటిన బస్సులో పంటి డాక్టరేమిటని ఆమె అడగలేదు. తమ్ముడింటికి పోతున్నానంది. ఆమె ఒళ్లో సంచిలోంచి ఖురపీ పిడి తొంగిచూస్తోంది. నేనూ అడగలేదు.

వళసంగ్ దాటాక మట్టిబాట చీలే ఒక ఫాటా దగ్గర దిగాను. ఆమె కూడా దిగింది. ఆ బాటలో నేను ముందు, ఆమె వెనక. చెరకు తోటలో ఒక మరాఠీ ఆమె కలుపు తీస్తోంది. తుంగ తవ్వుకుంటామన్నాం. కూలీ అడగకుండా కలుపు తవ్వేవాళ్లుంటారని ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. "న్యా బాయీ, సగళా న్యా," అంతా పట్టుకుపొమ్మంది.

నేను కాలువ గట్టుకు పోయాను. అక్కడ తుంగ నడుమెత్తు ఉంది. కణుపు లేదు, వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు. మగ్గం ఇంటిదాన్ని, పొడుగు పోగు కనిపిస్తే చేయి అటే పోతుంది. నడుము పడిపోయేదాకా పీకాను. అన్నీ వేళ్లే, గడ్డ ఒక్కటీ లేదు. తోట ఆమె వచ్చి నవ్వింది. అది చాపలు అల్లే తుంగట. వాసన గడ్డలది జానెడు మొక్క, చేలో ఉంటుంది. ఆకు పట్టి లాగితే తెగి వస్తుంది, గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది. ఖురపీ లోతుగా దించితే దారానికి గుచ్చినట్టు నల్లగడ్డలు వరసగా వస్తాయి. కావాలంటే ఇంట్లో డబ్బాలో ఒకటి పెట్టుకో, ఎరువు కూడా అడగదు, చేలో మాత్రం వదలకు అంది.

అప్పటికే అనసూయ సరైన చోట కూర్చుని సంచి నింపేసింది. ఒక గడ్డ చిదిమి నా ముక్కు దగ్గర పెట్టింది. "వాసన జూడు వదినె. బీడీలు చుట్టి చుట్టి నా ముక్కు వోయింది."

గడ్డ ఘుమఘుమలాడుతోంది. "ఇవి గావు, ఉత్త మట్టి కంపు," అన్నాను.

ఆమె గడ్డలు కుమ్మరించి, సంచి అక్కడే వదిలేసి వేపచెట్టు కిందికి పోయింది. ఆ గడ్డలు నా సంచిలోకి ఎత్తుకుని, కాలువ తుంగవేళ్లు ఆమె సంచిలో కూరాను. తర్వాత నా రొట్టె, కారం ఇద్దరం తిన్నాం.

మూడు గంటలకు తిరుగు బస్సు దొరికింది.

"పన్ను పీకిండా?" అంది.

"నీ తమ్ముడు బాగున్నడా?" అన్నాను.

బస్సు కుంభారి దాటుతుంటే ఆమె తన అరచేతులు చూసుకుంది. "పిండి నేను తెస్త అన్న గాని, నలుగు నువ్వే పెట్టాలె. నా చేతులకు తంబాకు కంపు, పసిదానికి పడది. తొట్టెల నాడు గూడ, అందరి ముంగట, నువ్వే."

"నలుగురు ఏమంటరు?"

"అననీ. పిల్ల నా మనుమరాలు గాదా."

ఆమె కిటికీ వైపు తిరగ్గానే సంచులు మార్చబోయాను. ఇటు తిరక్కుండానే నా చెయ్యి పట్టుకుంది.

"ముక్కు వోయింది గాని కండ్లు వోలే వదినె. నీ తాన్నే ఉండనియ్. ఎట్లైనా దంచేది నువ్వే."

మీరెవరైనా పోతే పొడుగు ఖురపీ పట్టుకుపోండి, కాలువ గట్టు జోలికి పోకండి. గడ్డల పీచు కాల్చి, నీడన ఆరబెట్టి దంచండి. తొట్టెల రోజు నలుగు నేనే పెట్టాను. మొగుడు లేనామె నలుగు పెట్టడమేమిటని ఒక ముసలామె అనబోయింది. అనసూయ చిటికెడు పిండి ఆమె ముక్కు దగ్గర పెట్టి, వాసన చూసి చెప్పమంది.