వేరే గది

నాన్న, ఆయన దోస్తు ఒకే టిఫిన్ బాక్సులో అన్నం తినేవాళ్లు. కాగితం మిల్లులో నాన్న లారీల మీంచి జామాయిల్ కర్ర దించే కాంట్రాక్టు కూలీ. దోస్తు లారీలు తూచే కాటా దగ్గర పర్మినెంటు ఉద్యోగి. కరోనా రెండోసారి వచ్చిన ఆ ఎండాకాలం ఇద్దరికీ ఒకే వారంలో జ్వరం తగిలింది. జబ్బుకు పెద్దా చిన్నా తేడా లేదని అప్పుడు అందరూ తెగ చెప్పేవాళ్లు. నిజమే, జబ్బుకు లేదు.

ఆశా కార్యకర్త మందుల సంచి గడప మీద పెట్టి దూరం జరిగింది. "అన్నను వేరే గదిల ఉంచాలె అక్కా. నీకు షుగర్ ఉన్నది. బాత్రూం గూడ వేరేది వాడాలె," అంది.

"ఉన్నదే ఒక్క గది. బాత్రూం నాలుగిండ్లకు కలిపి ఒక్కటి. ఏడికెల్లి తేవాలె?" అంది అమ్మ.

"మా ఇల్లు గూడ గంతే అక్కా. చెప్పమన్నరు, చెప్తున్న."

నాన్న గదిలో ఉన్నాడు. అమ్మా నేనూ ఇంటిముందు టార్పాలిన్ కట్టుకుని దానికింద ఉన్నాం. మిల్లు క్వార్టర్స్ నుంచి దోస్తు రోజూ ఫోన్ చేసేవాడు. "మీది అంతస్తుల గదిల ఒక్కన్నే ఉన్న. టీవీ జూసి జూసి యాష్టకొస్తంది," అనేవాడు. నాన్న నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది.

జ్వరం కాస్త దిగిందనుకున్న రోజు సాయంత్రం గాలివాన పట్టుకుంది. టార్పాలిన్ ఎగిరిపోయింది. పక్కిళ్ల వాళ్లు మాకు తలుపు తీసే రోజులు కావవి. నాన్న కిటికీ, తలుపు బార్లా తీసి తనే బయటికొచ్చేశాడు.

"మీరు లోపటికి పోండ్రి. నేను బయటుంట."

గోనెసంచి నెత్తిన కప్పుకుని గోడకానుకుని కూర్చున్నాడు. మేం లోపలికి వెళ్లాం. గడప ఇవతలి నుంచి అమ్మ తిడుతూనే ఉంది, లోపటికి రమ్మని. ఆయన "అయిపోతది, అయిపోతది" అంటూనే ఉన్నాడు.

తెల్లారేసరికి ఆయాసం ఎక్కువైంది. ఆటోలో గోదావరి వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాం. అక్కడే పోయాడు. వాన వల్ల కాదు, అప్పటికే ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు చెప్పాడు. అమ్మ తలూపింది.

దోస్తు కోలుకుని డ్యూటీ ఎక్కాడు. మంచి మనిషి, ఇప్పటికీ మా ఇంటికొస్తాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఎవరి మీద ఉండాలో తెలియదు. ఏడుపూ రాదు. నాన్న ఎట్లా పోయాడని ఎవరైనా అడిగితే, రేషన్ షాపులో ఇంటిపేరు చెప్పినట్టు చెప్పేస్తాను.

నాకు జీతం మొదలయ్యాక అమ్మ అడిగింది ఒక్కటే, ఇంకో గది వెయ్యమని. వేశాను, బాత్రూంతో సహా. అందులో ఎవరం పడుకోం.

వాన మొదలైతే అమ్మ బయటికి పోయి గోడకానుకుని కూర్చుంటుంది. తడుస్తవమ్మా, లోపటికి రా, అంటాను.

"అయిపోతది," అంటుంది.