మ్యూజియానికి రాయని ఉత్తరం

మా పక్కింటి గార్డు బాబాయి పోయాడు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ పాడు రోజుల్లో, ఆసుపత్రిలో చేరిన ఆరో రోజున. పిన్ని ఫోన్ చేసి చెబితే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీదా, నా మీదా. ఆ కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఈ నాలుగు మాటలూ కాస్త చిరాగ్గానే ఉంటాయి, ఏమీ అనుకోకండి.

కాజీపేట మనిషి. సూరత్‌లో గూడ్సు బండి ఆఖరి పెట్టెలో ఉండే గార్డుగా రిటైరై, ఆ ఊరి శివారు ఉధనాలో మా పక్క ఫ్లాటులో స్థిరపడ్డాడు. ఎక్కడికి బయల్దేరినా అందరికంటే వెనక నడిచేవాడు. "ముంగట మీరు నడువుండ్రి, ఎనుక నేనున్న" అనేవాడు. ఆ వెనకున్నాయన దారిలో ప్రతి బోర్డూ చదువుతూ వస్తుంటే మేమంతా ఎండలో నిలబడి మాడేవాళ్ళం. చుట్టాల్ని రైలెక్కించడానికి వెళ్తే చివరి పెట్టె ఎర్రదీపం కంటబడేదాకా ప్లాట్‌ఫారం వదిలేవాడు కాదు.

మొదటి విడత కరోనా సద్దుమణిగాక, రెండు గంటల దూరంలో ఓ పాత రైల్వే ఊళ్ళో (పేరెందుకు లెండి) మ్యూజియం మళ్ళీ తెరిచారని తెలిసి నా ప్రాణం తోడేశాడు. ఓ ఆదివారం తీసుకెళ్ళాను. ఆవిరి ఇంజను, ఇత్తడి గంట, అట్ట టికెట్లు పావుగంటలో అయిపోయాయి. ఆ తర్వాత ఒక అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయాడు. లోపల బండి చివర తగిలించే తోకదీపం ఉంది. దాని కింద అట్టముక్క మీద "ఇంజను ముందు దీపం" అని రాశారు.

"గిదేంది బిడ్డా? తోకదీపం ముంగట పెడ్తరా ఎవరన్న?"

"పోనివ్వండి బాబాయ్, చూసేవాళ్ళకేం తెలుస్తుంది?"

"తెల్వదనే గదా రాసుడు! ఆఖరి డబ్బాకు దీపం కనబడకుంటే బండి మొత్తం రాలేదన్నట్టు. నడుమ తెగి డబ్బాలు లైను మీదనే ఆగినయేమో. ఎనుకొచ్చే బండిని గదే లైను మీదికి ఇడిస్తే పానాలు పోతయ్."

మాస్కు గడ్డం కిందికి లాగి అక్కడి ఉద్యోగికి గంటసేపు పాఠం చెప్పాడు. అతను విసిగిపోయి, రాసి పంపండి చూస్తాం అన్నాడు. ఈలోగా మా బండి వెళ్ళిపోయింది. స్టేషను బెంచీ మీద మూడు గంటలు. నేను ఉండబట్టలేక అరిచేశాను.

"ఒక్క అట్టముక్క కోసం నా ఆదివారం నాశనం చేశారు! మీతో ఇంకెక్కడికీ రాను."

"మంచిదే, రాకు. చిట్టీ మాత్రం నువ్వే రాయాలె. బ్యాంకుల ఆఫీసర్‌వి."

అప్పట్నుంచి రోజూ బాల్కనీలోంచి, చిట్టీ రాశావా అని అదే ప్రశ్న. నేను రోజూ రేపు అన్నాను. చివరికి ఆయన తలుపు తెరవకముందే మెట్లు దిగి పారిపోవడం మొదలుపెట్టాను. రెండు పేజీల ఉత్తరం. కూర్చుంటే అరగంట పని. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి.

ఆసుపత్రిలో చేరిన ఐదో రోజు తనే ఫోన్ చేశాడు. ఎలా ఉన్నారని అడగనిస్తేనా!

"చిట్టీ రాసినవా బిడ్డా?"

"రాశాను బాబాయ్."

అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోడు.

"ఏమన్నరు?"

"తప్పు మాదే, మార్చేశాం అన్నారు."

ఫోను పెట్టేయడం మర్చిపోయాడు. మా బిడ్డ బోర్డు మార్పించిందని పక్క మంచం మనిషికి హిందీలో చెబుతున్నాడు. ఏ బోర్డని అతను అడిగినట్టున్నాడు. ఇంకేముంది, ఊపిరందక మాటమాటకీ ఆగుతూ, దగ్గుతూ, తోకదీపం వెనకే ఎందుకుండాలో మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. మాట్లాడకుండా పడుకోండి బాబాయ్ అని ఇక్కడ గొంతు చించుకున్నాను. ఆయనకి వినపడలేదు. చెబుతూనే ఉన్నాడు.