బొమ్మకు తొడిగిన ఖాకీ చొక్కా

ఈ ఉదయం ఇస్త్రీ పెట్టె కింద నా కొత్త జాకెట్టు మాడింది. నా ఇస్త్రీ ప్రావీణ్యం తెలిసినవాళ్లే కాబట్టి ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ మాడు వాసన మాత్రం నన్ను చిన్నప్పటి అప్పికొండ సముద్ర తీరానికి తీసుకెళ్లింది.

అప్పట్లో నాన్న ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఫిట్టరు. ఏటా చలికాలంలో ఒక వారం శని, ఆదివారాల్లో మా వీధివాళ్లమంతా అక్కడి సరుగుడు తోటలో టార్పాలిన్ గుడారాలు వేసుకునేవాళ్లం. శనివారం సాయంత్రం గడ్డితో రాక్షసుడి బొమ్మ కట్టి, ఇంటికొకటి చొప్పున ఇక అక్కర్లేని వస్తువు దానికి తగిలించి తగలబెట్టేవాళ్లం. అమ్మ ఏటా ఒక చిరిగిన చాప తెచ్చేది.

ఆ ఏడు అమ్మ చాప తెచ్చేలోగా నాన్న తన ఖాకీ చొక్కా బొమ్మకు తొడిగేశాడు.

"ఏటి బావా, డ్యూటీ సొక్కా కాల్సేత్తన్నావ్? సోమారం ఏటేసుకుంతావ్?" అన్నాడు పక్కింటి అప్పారావు మావయ్య.

"బిగువైపోనాది బావా."

ఆ చొక్కాలో నాన్నతోపాటు నేనూ పట్టేదాన్ని. అయినా అనుమానం రాలేదు. చొక్కా లేకపోతే డ్యూటీ ఉండదు, నాన్న ఇంట్లోనే ఉంటాడు. నా చిన్న బుర్రకు అంతే తోచింది.

"నాన్న ఇంక డ్యూటీకెల్లడోయ్!" అని చప్పట్లు కొట్టాను.

అమ్మ చాప పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాంట్రాక్టరు నాన్నను పనిలోంచి తీసేశాడని ఆమెకు అప్పుడే అర్థమైంది. నాకు చాలా ఏళ్లు పట్టింది.

నాన్న నన్ను ఆగమనలేదు. నాతోపాటు తనూ చప్పట్లు కొట్టాడు.