మా అత్త చేతి ముద్ద తిన్నవాళ్లకు

మా అత్త పోయింది. కార్యం కూడా అయిపోయింది. ఆమె కుట్టిన కోటు మీ బీరువాలో ఉంటే ఈ కబురు ఆ రోజే మీకు నేను చెప్పవలసింది. సెల్‌ఫోన్‌లో మీ నెంబర్లన్నీ ఉన్నాయి. అయినా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాస్తాను.

నేను పార్వతీపురం దిక్కు పిల్లను. అరకు దగ్గర ఈ కొండ ఊరికి కోడలిగా వచ్చేటప్పుడు నా వెంట తెచ్చుకున్నవి ఒక కుట్టుమిషను, బోలెడంత టెక్కు. అత్త ట్రంకు పెట్టెలో ఆమె తల్లివీ, అమ్మమ్మవీ నేతకోకలు ఉండేవి. దళసరి నూలు, ఎర్ర అంచులు. చిరిగినంత మేర తీసేసి, గట్టిగా ఉన్న ముక్కలు ఒకదాని మీద ఒకటి పరిచి బొంతలు కుట్టేది. దారం ఎక్కించే ముందు కొసను పెదాలతో తడిపి, ఎవరికోసం కుడుతోందో ఆ మనిషి పేరు ఒకసారి పలికేది.

తొంభైల చివర్లో విశాఖపట్నం ఆవిడ ఒకరు రైలు దిగి ఊళ్లు చూడ్డానికి వచ్చి, మా దడి మీద ఆరేసిన బొంత చూశారు. ఆవిడకు అక్కడ ఖరీదైన బట్టల షాపు ఉంది. ఇలాంటి పాత గుడ్డలతో కోట్లు కుట్టిస్తారా అని అడిగారు. నేను ఎగిరి గంతేశాను. అత్త మూతి ముడిచింది.

"కట్టిన గుడ్డ సంతకి పోదే గుంటా. సుట్టం ఒంటిమీదకే పోద్ది."

"వాళ్లు మనకి చుట్టాలు కాదు కదత్తా!"

"తిండెడితే అవరేటి?"

అలా మొదలైంది. కోటు కావలసినవాళ్లు కొండెక్కి రావాలి. మా ఇంట్లో చోడంబలి, అదే రాగి అంబలి, తాగాలి. అత్త కలిపిన ముద్ద ఒకటి ఆమె చేత్తోనే తినాలి. ఆ తరవాతే కొలతలు. కుట్టుకూలి తీసుకోనిచ్చేది గానీ గుడ్డకు పైసా ముట్టనిచ్చేది కాదు. తిన్న మరుక్షణం నుంచీ వాళ్లు ఆమెకు కోడళ్లు, మనవరాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఎండుచేపల వాసనకు ఎవరు ముక్కు మూసుకుంటారో అని వాళ్ల మొహాలే చూస్తూ కూర్చునేదాన్ని. నిజం చెప్పాలంటే మూసుకున్నవాళ్లు తక్కువే.

చిరిగిన కోటు పట్టుకొస్తే అత్త ముఖం వెలిగిపోయేది. "సిరిగిందంటే తొడుక్కున్నారనే కదే. పెట్లో దాసుకుంటే సిరుగుద్దా?" అనేది.

కొన్నాళ్లకు షాపావిడ విశాఖపట్నంలో ఫ్యాషన్ షో పెట్టి మమ్మల్ని పిలిచారు. ముందు వరసలో కుర్చీలు. లైట్లు, మ్యూజిక్. బక్కపలచటి అమ్మాయి ఒకతె మేం షాపావిడకు కుట్టిన కోటు తొడుక్కుని నడిచి వచ్చింది. అత్త తల్లి కట్టిన ఎర్ర అంచు ఆ పిల్ల వీపు మీద. నేను గర్వంతో పొంగిపోతుంటే పక్కనుంచి కేక.

"ఓలమ్మో! ఈ గుంట మనింట్లో తిన్లేదు కదే!"

హాలంతా మావైపు తిరిగింది. "అత్తా, నీకు దండం పెడతాను, కూర్చో" అన్నాను. వింటేగా! తిన్నగా వెనక గదిలోకి పోయి, కొంగున కట్టుకున్న చోడిరొట్టె విప్పి, బెల్లంముక్క పెట్టి ఆ పిల్ల నోటికి అందించింది. "పొద్దున్నుంచీ ఏటీ తిన్లేదు లాగుంది. మొకం సూడు, ఎలా పీక్కుపోనాదో!" ఆ పిల్ల నిలబడే మొత్తం తినేసింది. నేను గుమ్మం బయట, ఆ ముసలావిడ ఎవరో నాకు తెలియనట్టు నిలబడ్డాను.

తిరుగు రైలు టైడా స్టేషను దాటుతుండగా అత్త అంది: "నాను సచ్చిపోతే ఆళ్లందరికీ సెప్పాల. సుట్టాలొచ్చి నా మీద గుడ్డ కప్పాల. మర్సిపోకు." అలాగేలే అన్నాను, లోపల నవ్వుకుంటూ.

మరిచిపోలేదు. ఆమె పోయిన పొద్దున ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. అందరూ కస్టమర్లు. ఏమని చెప్పను? మా అత్త పోయింది, గుడ్డ పట్టుకుని రండి అనా? నవ్విపోతారనిపించింది. ఫోను పక్కన పెట్టేశాను. ఊళ్లోవాళ్లు కప్పారు, మా పుట్టింటివాళ్లు కప్పారు. ముద్ద పెట్టి ఆమె చుట్టాలనుకున్నవాళ్లలో ఒక్కరికీ ఆమె పోయిందనే తెలియలేదు.

మొన్న ఆ షో అమ్మాయి వచ్చింది. ఆ కోటు తరవాత షాపావిడ దగ్గర తనే కొనుక్కుందట. మోచేతి దగ్గర చిరిగిందని సంచిలోంచి తీస్తూ, "అమ్మమ్మ ఉన్నారా?" అని అడిగింది. చెప్పాను.

"నాకెవరూ చెప్పలేదేం?"

"కస్టమర్లకి ఏం చెప్తాంలే అనుకున్నానమ్మా."

ఆ మాట బయటికి వచ్చాక గానీ అదెంత నీచంగా ఉందో నాకు వినపడలేదు.

"నేను అమ్మమ్మ చేత్తో తిన్నాను కదక్కా" అంది ఆ పిల్ల.

కాఫీతోట పక్కన అత్తను పూడ్చిన మట్టిదిబ్బ దగ్గరికి తీసుకెళ్లాను. మెడలోని చున్నీ తీసి దిబ్బ మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. "కొత్తది కాదక్కా, నేను వేసుకున్నదే. ఫర్వాలేదా?" అని అడిగింది. తల ఊపాను.

ఆమె చేతి ముద్ద తిన్నవాళ్లు ఎప్పుడైనా రండి. కోటు చిరిగితే పట్టుకురండి. ఆమె అంత సన్నని కుట్టు నాకు రాదు, అయినా కుడతాను. మిషను దగ్గర కూర్చుంటే కిటికీలోంచి ఆ దిబ్బ కనిపిస్తుంది. మంచుకి తడిసి, ఎండకి ఆరి, చున్నీ రంగు వెలుస్తోంది. గాలికి ఒక మూల రాయి కిందనుంచి జారి లేస్తుంటే, కుట్టు ఆపి వెళ్లి మళ్లీ కప్పి వస్తున్నాను.