చూస్తున్న బొమ్మలకు రంగు

మంగళ పద్దెనిమిదో ఏట బొమ్మల షెడ్డులో చేరింది. మద్రాసు వ్యాసర్పాడిలో రైలు పట్టాల పక్కన ఉండే ఆ రేకుల షెడ్డు ఆమె మేనమామ వరదరాజులు నాయుడిది. ఆషాఢం నుంచి మహాలయ అమావాస్య దాకా అక్కడ కాగితపు గుజ్జుతో కొలువు బొమ్మలు చేసేవారు. పనికి ఒక వరస ఉండేది. సుద్ద పూసిన బొమ్మల్ని బల్ల మీద బారుగా నిలబెడితే ఒకరు పసుపు మాత్రమే వేసుకుంటూ పోవాలి, వెనకే ఇంకొకరు ఎరుపు. కళ్ళు అన్నిటికన్నా చివర. వరదరాజులు మంచిరోజు చూసుకుని, స్నానం చేసి వచ్చి, తనే వాటిని దిద్దేవాడు. కళ్ళు తెరిచిన బొమ్మను ఆ తరవాత ఎవరూ కుంచెతో ముట్టరు. రంగు వెయ్యడమంటే బట్ట కట్టడమే, చూస్తున్నవాళ్ళకు బట్ట కట్టడం మర్యాద కాదని ఆయన తండ్రి కాలం నుంచీ ఉన్న మాట.

మంగళ చెయ్యి మంచిది. కూర్చోవడమే రాదు. ముప్పై బొమ్మలకు పసుపు వేసేసరికి నీళ్ళు తాగడానికి లేచేది. దారిలో ఎండబెట్టిన ఏనుగు కనిపిస్తే దాని చెవి మీద పువ్వు మొదలుపెట్టేది. పువ్వు సగంలో ఉండగానే జిగురు కాచే పొయ్యి దగ్గరికి పోయేది. సాయంత్రానికి పసుపు ఆ ముప్పై దగ్గరే ఉండేది. ఆమె వెనక ఎరుపు వేసే కుముదిని గిన్నె పట్టుకుని ఎదురుచూసేది.

"ముందు దీన్ని అచ్చులో పోసి ఎండబెట్టల్ల మామా, ఆనక బొమ్మల సంగతి" అని మంగళను చూపిస్తూ వరదరాజులుతో అనేది కుముదిని.

1994లో జార్జి టౌన్ వ్యాపారి భాష్యం పెళ్ళి ఊరేగింపు సెట్టు కావాలన్నాడు. ఇరవై ఏడు బొమ్మలు. వరదరాజులు వాటిని మంగళ ముందు పెట్టించాడు.

"ఇది నువ్వొకతివే ముగించల్ల. అమావాస్యకు వారం ముందర బండొస్తాది. ముగించకుంటే బ్రష్షు ఈడ పెట్టేసి అచ్చుల కాడికి పో, గుజ్జు పిసుకు. చెల్లెలి కూతురని సుమ్మా కూసోబెట్టుకోను."

"సరి మామా" అంది మంగళ. అచ్చుల దగ్గరికి పంపినవాళ్ళెవరూ మళ్ళీ కుంచె పట్టలేదు.

నాలుగు రోజుల్లో ఏడు పసుపు పంచెలు మాత్రం అయ్యాయి. ఐదో రోజు ఏమీ తోచక నాదస్వరం వాయించేవాడికి కళ్ళు దిద్దింది. వాడు ఆమెనే చూస్తున్నాడు. ఆమె లేవలేదు. ఉబ్బిన బుగ్గలు, మెడలో గొలుసు, పంచె అంచు, చివరికి కాలిగోళ్ళు. వాడొక్కడినీ పూర్తిచేసి తలెత్తేసరికి అందరూ అన్నాలు తిని వచ్చారు. మర్నాడు ఇంకో ఇద్దరికి ముందు కళ్ళే దిద్దింది.

తొమ్మిది బొమ్మలయ్యాక వరదరాజులు కనిపెట్టాడు.

"ఏమే, ఏంది ఇది? కండ్లు తెరిచినాక చీర కడతావా?"

"అది నన్ను చూస్తా వుంటేనే మామా నేను కుదురుగా కూసునేది. చూపు లేనిదాని ముందర నావల్ల కాదు."

"బొమ్మ కాపలా కాసేదానికి నువ్వేమన్నా దొంగవా?"

"దొంగను కాదు. పారిపోయేదాన్ని."

కుముదిని నవ్వింది. వరదరాజులు నవ్వలేదు. తెరిచిన కళ్ళు చెరపడం అంతకన్నా తప్పు.

"అట్లే ముగించు. ఇంగెవురూ దీంట్లో చెయ్యి పెట్టరు. నేను గూడా" అన్నాడు.

బండి వచ్చే రోజుకు పల్లకి మోసే నలుగురు మిగిలారు. మంగళ తొందరలో పొద్దున్నే నలుగురికీ కళ్ళు దిద్దేసింది. దాంతో ఒకడి మీసం సగంలో ఉండగా రెండోవాడు పిలిచినట్టయ్యేది, వాడి తలపాగా సగంలో మూడోవాడు. పదకొండు గంటలకు నలుగురూ సగం సగం ఉన్నారు. ఆమె లేచి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

వరదరాజులు వచ్చి చూశాడు. ముగ్గుర్ని గోడవైపు తిప్పి పెట్టాడు. ఒకణ్ణి బల్ల మధ్యకు జరిపి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఎరుపు కలపసాగాడు.

"రా" అన్నాడు.

ఆమె వచ్చి కూర్చుంది. ఒకడు అయ్యాక ఆయన రెండోవాణ్ణి తిప్పాడు. మూడు చక్రాల బండి తెచ్చిన గోవిందసామి లోపలికి తొంగిచూశాడు.

"నాయుడన్నా, ఇంగా లేటైతే టౌన్ సందుల్లో బండి దూరదు."

"దూరకుంటే నెత్తిన పెట్టుకోని పో. ఇప్పుడు మాట్లాడొద్దు."

మూడున్నరకు నాలుగోవాడు పూర్తయ్యాడు. వాడి పాదాలు ఇంకా తడిగా ఉన్నందువల్ల గడ్డి చుట్టకుండా పడుకోబెట్టారు.

వరదరాజులు బండి వెంట తనే వెళ్ళాడు. సెట్టు అప్పగిస్తూ, కళ్ళు ముందే తెరిచిన సంగతి భాష్యానికి చెప్పాడు. భాష్యం బొమ్మల్ని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు.

"పెండ్లి జనం గదా, చూస్తే చూడనీ. దేవుళ్ళకు మాత్రం ఈ మాదిరి చెయ్యొద్దు" అన్నాడు.

మరుసటి ఏడు నుంచి అంగడి శెట్టి దంపతులు, కూరగాయలమ్మేవాళ్ళు, పోలీసులు, బ్యాండుమేళం, ఇట్లాంటి మనుషుల బొమ్మలన్నీ మంగళ వంతు అయ్యాయి. ఒకటి ముందు పెట్టుకుని, మిగిలినవి గోడకు తిప్పి పనిచేసేది. దశావతారాల సెట్టు ఎప్పుడూ కుముదిని వాళ్ళ బల్లకే పోయేది. ఒకసారి మంగళ దాన్ని తనకిమ్మని అడిగింది.

"ఆ దేవుని ముందర నువ్వు కుదురుగా కూసుంటావు, సరి" అన్నాడు వరదరాజులు. "నీ ముందర ఆయన కండ్లు తెరుసుకోని, వంటిమీద గుడ్డ లేకుండా కూసోవల్ల గదా."

మంగళ మళ్ళీ అడగలేదు.